రుజువు ఎవరు చూపాలి?

గౌలిగూడ నుంచి ఎటు నడిచినా కాసేపట్లోనే దేవుడి గురించిన ఏదో ఒక పాత తగాదా ఎదురవుతుంది. సుల్తాన్ బజార్‌లో 1892లో వెలసిన ఆర్యసమాజం ఉంది. మూసీ దాటితే హైకోర్టు. ఇటు నాంపల్లి వైపు వెళ్తే ఎగ్జిబిషన్ మైదానం. ఈ మూడు చోట్లా వేర్వేరు కాలాల్లో అడిగింది ఒకే ప్రశ్న: ఉందన్నవాడు రుజువు చూపాలా, లేదన్నవాడు చూపాలా?

ఇది పడమటి దేశాల నుంచి దిగుమతైన ప్రశ్న అనుకునేవాళ్లున్నారు. కాదు. ప్రతిజ్ఞ, అంటే ఒక వాదన, చేసినవాడే హేతువు చూపాలి, ఉదాహరణ ఇవ్వాలి అని న్యాయసూత్రాలు ఎప్పుడో నియమం పెట్టాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనదంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడి మాటను కూల్చడమే పనిగా పెట్టుకుంటే వితండ. శ్రీపర్వతంతో మన సంప్రదాయం ముడిపెట్టిన ఆచార్య నాగార్జునుడి మీద ఇలాంటి ఆక్షేపణే వచ్చింది. అన్నీ శూన్యమంటున్నావే, మరి నీ మాట మాత్రం శూన్యం కాదా అని ప్రతిపక్షం నిలదీసింది. తాను ఏ ప్రతిజ్ఞా చేయడం లేదని, కనుక ఆ దోషం తనకు అంటదని ఆయన ‘విగ్రహవ్యావర్తని’లో జవాబిచ్చాడు. దేవుడు లేడని నిరూపించమంటే ఈనాటి హేతువాది ఇచ్చే సమాధానం దీనికి దూరపు చుట్టమేమీ కాదు.

ఆస్తికులు కూడా అప్పట్లో ఈ రుజువు బరువు నుంచి తప్పుకోలేదు. ఉదయనాచార్యుడు పదో శతాబ్దంలో ‘న్యాయకుసుమాంజలి’ రాసింది ఈశ్వరుణ్ని అనుమాన ప్రమాణంతో, అంటే కనిపించేదాన్నిబట్టి కనిపించనిదాన్ని తేల్చే తర్కంతో, స్థాపించడానికే. కార్యం ఉంటే కర్త ఉండాలి, కుండకు కుమ్మరిలాగా జగత్తుకూ ఒకడుండాలి అన్నాడు. ఒప్పుకోనివాళ్లు బౌద్ధులే కాదు, వేదాన్ని నెత్తిన పెట్టుకున్న మీమాంసకులు కూడా. నమ్మేవాడే ముందుకొచ్చి రుజువు నాది అని తలకెత్తుకున్న ఆ కాలమంటే నాకు గౌరవం. ఆ మర్యాద తర్వాత పలచబడింది.

ఎలా పలచబడిందో పాల్కురికి సోమనాథుడి ‘పండితారాధ్య చరిత్ర’లో కనిపిస్తుంది. మల్లికార్జున పండితారాధ్యుడు వెలనాటి చోడుల చందవోలు సభలో బౌద్ధాచార్యుడితో వాదించాడు. వాదం మాటలతో ముగియలేదు. శిష్యులు బౌద్ధుణ్ని చంపారని, రాజు పండితుడి కళ్లు తీయించాడని, శివుడి దయతో చూపు తిరిగి వచ్చిందని కథ. బెజవాడలో శ్రీపతి పండితుడు నిప్పుల్ని గుడ్డలో మూటకట్టాడన్న కథా ఆ కాలానిదే. హేతువు కూర్చోవాల్సిన పీట మీద మహిమ కూర్చుంది. మహిమకు ఎదురు ప్రశ్న వేయడం కష్టం.

సుల్తాన్ బజార్ ఆర్యసమాజం ఈ చరిత్రలోకి శాస్త్రార్థాన్ని, అంటే శాస్త్రాధారాలతో చేసే వాదాన్ని, మళ్లీ తెచ్చింది. దాని వెనక దయానంద సరస్వతి 1869లో కాశీలో చేసిన వాదం ఉంది. విగ్రహారాధనకు వేదంలో ఆధారం చూపండి అని ఆయన పండితుల్ని అడిగాడు. చేస్తున్నవాళ్లే రుజువు చూపాలని బరువును అటు నెట్టడం చిన్న విషయం కాదు, ఎందుకంటే వందల ఏళ్లుగా ఆచారమే తనకు తాను సాక్ష్యంగా చెల్లుబాటవుతోంది. హైదరాబాదులో కేశవరావు కొరట్కర్ లాంటి న్యాయవాదులు సమాజాన్ని నడిపించడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. అయితే వేదానికి ప్రమాణం ఏమిటన్న ప్రశ్న దగ్గర ఆర్యసమాజం ఆగిపోయింది. నిజాం ఆంక్షలు బిగిసి 1938-39 సత్యాగ్రహం వచ్చేనాటికి తగాదా నిజానిజాల నుంచి హక్కుల మీదికి, ఏ మతం వైపు ఎందరన్న లెక్కల మీదికి మళ్లింది. హక్కుల పోరాటం న్యాయమైనదే. కానీ శాస్త్రార్థం అక్కడితో ఒట్టిపోయింది.

కోస్తాలో గోరా దారి వేరు. కాకినాడ, మచిలీపట్నం కళాశాలల్లో వృక్షశాస్త్రం చెబుతూ నాస్తికుడైనందుకు ఉద్యోగాలు పోగొట్టుకున్న మనిషి. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకు మార్చాడు. రుజువు మీరే చూపండి అని చేతులు కట్టుకుని కూర్చోవడం ఆయనకు చాలలేదు. దేవుడు లేకుండా మనిషి నీతిగా బతకగలడని తానే బతికి చూపాలనుకున్నాడు. సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు ఆయన సాక్ష్యాలు. గాంధీతో ఆయన సంభాషణల పుస్తకాన్ని 1951లో నవజీవన్ ప్రచురించింది. తన పెద్ద కూతుర్ని దళిత యువకుడికిచ్చి 1948లో సేవాగ్రామ్‌లో పెళ్లి చేశాడు. జరిపిస్తానన్న గాంధీ అప్పటికి లేడు.

ఇక మూసీ అవతలి హైకోర్టు. సీసీఎంబీ వ్యవస్థాపకుడు పుష్ప మిత్ర భార్గవ 1964లోనే శాస్త్రీయ దృక్పథం కోసం ఒక సంఘం పెట్టారు. జ్ఞానం మనిషి ప్రయత్నంతోనే వస్తుందన్న ప్రకటన మీద సంతకం పెట్టమంటే పేరున్న శాస్త్రవేత్తలే వెనక్కి తగ్గారు. 2001లో విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సులకు యూజీసీ తలుపు తెరిచినప్పుడు ఆయన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు, అక్కడ కొట్టేస్తే సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2004 మే 5న అక్కడా ఓడారు. ఏ కోర్సు పెట్టాలన్నది నిపుణుల సంస్థ తేల్చాల్సిన విషయం, కోర్టు జోక్యం చేసుకోదు అన్నది తీర్పు సారాంశం. అప్పుడు అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టం 101వ సెక్షన్ ప్రకారం ఒక సంగతి ఉందని చెప్పి హక్కు కోరేవాడే దాన్ని రుజువు చేయాలి. గ్రహాలు మనుషుల బతుకుల్ని నడుపుతాయన్నది జ్యోతిషం వాదన. ప్రజల సొమ్ముతో ఆ పాఠం చెప్పించబోయేవాళ్లకు మాత్రం ఆ వాదనకు రుజువు చూపాల్సిన అవసరమే రాలేదు. అది శాస్త్రం కాదన్న భార్గవే చివరిదాకా బోనులో నిలబడినట్టయింది. తీర్పును గౌరవించాలి. బరువు తప్పు భుజం మీద పడిందని చెప్పడమూ పౌరుడి పనే.

ఎగ్జిబిషన్ మైదానంలో మృగశిర కార్తెకు జరిగేది మరింత సున్నితమైన వ్యవహారం. 1845లో ఒక సాధువు చెప్పాడంటున్న మందును, డబ్బు తీసుకోకూడదన్న షరతు ప్రకారం, బత్తిని వంశం ఉబ్బస రోగులకు ఉచితంగా ఇస్తోంది. పసుపుపచ్చని ముద్దను బతికున్న చిన్న కొర్రమీను నోట్లో పెట్టి మింగిస్తారు. శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. చేపల సరఫరా నుంచి బందోబస్తు దాకా ప్రభుత్వం చూసుకుంటుంది. మందు అన్నందుకు జన విజ్ఞాన వేదిక లాంటి సంఘాలు ఆధారం అడిగాయి. ఇప్పుడు ప్రసాదం అంటున్నారు. ప్రసాదానికి ఆధారం అడిగేవాళ్లుండరు. కానీ ఆ వరుసలో నిలబడ్డ తల్లి బిడ్డను ఎత్తుకొచ్చింది పుణ్యం కోసం కాదు, ఊపిరి కోసం.

ఇంట్లో దీపం పెట్టుకునేవాణ్ని దేవుణ్ని రుజువు చెయ్యమనడం నాకు అన్యాయంగానే తోస్తుంది. అతను ఎవరినీ ఏమీ మింగమనడం లేదు. పక్కవాడి ఒంటి మీదికి, ఖజానా మీదికి వచ్చినప్పుడే నమ్మకం లెక్క చెప్పాలి. తగ్గిందన్నవాళ్లు వేలమంది ఉన్నారన్నది లెక్క కాదు. ఉబ్బసం దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, తగ్గనివాళ్లు మళ్లీ వచ్చి చెప్పరు. మందు రహస్యం బయటపెట్టలేమన్నది కుటుంబం మాట. దాన్ని మన్నించవచ్చు. హాని లేదని ఒక ప్రయోగశాల గోప్యంగా తేల్చాక, ఒప్పుకున్న రోగుల్లో సగం మందికి ముద్దతో, సగం మందికి రంగూ రుచీ అదే ఉన్న ఉత్తి ముద్దతో చేప ఇచ్చి, ఎవరికి ఏది వెళ్లిందో ఇచ్చేవాళ్లకూ తెలియకుండా ఉంచి, ఏడాదిపాటు శ్వాస బలాన్ని కొలిచే చిన్న మీటరుతో రాసుకుంటే చాలు. ఇన్‌హేలర్ మాత్రం ఎవరూ మానకూడదు. ఇందులో సూత్రం ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.