జూదశాల మర్యాదలు, ఇనాములు

జూదం ఆడించే చోటు ఆటగాడికి చేసే అతిథి మర్యాదలు, అక్కడ పనిచేసేవారికి ఆటగాడు ఇచ్చే ఇనాము: ఈ రెండింటి చరిత్ర ఈ వ్యాస విషయం. మర్యాదలంటే గది, భోజనం, పానీయం, ప్రయాణపు ఏర్పాట్లు, ఆట బిళ్ళల రాయితీలు. అమెరికా జూదశాలల పరిభాషలో మర్యాదను 'కాంప్' అనీ ఇనామును 'టోక్' అనీ అంటారు. తెలుగు రాష్ట్రాల్లో చట్టబద్ధమైన కాసినో లేదు. అయినా ఈ విషయానికి ఇక్కడ పెద్ద చరిత్రే ఉంది. ఆట జరిపించేవాడు ఆటగాళ్ళ దగ్గర ఏ సౌకర్యానికి ఎంత పుచ్చుకోవచ్చుననే ప్రశ్న మీద దేశమంతటికీ దారి చూపిన తీర్పు సికింద్రాబాదులోని ఒక పేకాట క్లబ్బు గురించి వచ్చినదే.

పేర్లు

ఆదిలాబాదు, కరీంనగర్ ప్రాంతాల్లో పేకముక్కలను పత్తాలు అంటారు. పేకాట ఆడటం పత్తాలాడుడు. ఇనాం అరబ్బీ నుంచి, బక్షీస్ పారశీకం నుంచి వచ్చిన మాటలు. నిజాం పాలనలో ఇనాం అంటే శిస్తు లేకుండా అనుభవించే భూమి కూడా. ఆ భూములను 1955 నాటి హైదరాబాదు ఇనాముల రద్దు చట్టం తీసేసింది గానీ మాట మిగిలింది. ఆదిలాబాదు జిల్లా బోథ్ వైపు దసరా ఇనాం అడగనివారు, ఇవ్వనివారు అరుదు. 'టిప్పు' పట్నం హోటళ్ళ మాట. ఊళ్ళో ఆ అవసరానికి 'చాయ్ పైసలు' ఉండనే ఉన్నాయి.

ప్రాచీన కాలం

మహాభారత సభాపర్వంలోని ద్యూతానికి ముందు జరిగిన ఏర్పాట్లు గమనించదగినవి. ధృతరాష్ట్రుడు ప్రత్యేకంగా సభ కట్టించి, విదురుణ్ణి పంపి పాండవులను పిలిపించాడు. వచ్చిన రోజున ఆట లేదు. పలకరింపులు, విడిది, భోజనం, రాత్రి పాటలు, సుఖమైన నిద్ర. పాచికలు కదిలింది మర్నాటి ఉదయం.

కౌటిల్యుని అర్థశాస్త్రం ఈ వ్యవహారాన్ని పద్దుల పుస్తకంలా చూస్తుంది. ద్యూతాధ్యక్షుడు అనే అధికారి ఆటను ఒకే చోట జరిపించాలి. వేరే చోట ఆడితే 12 పణాల దండుగ. గెలిచిన సొమ్ములో నూటికి ఐదు అధ్యక్షుడికి చెందుతుంది. పాచికల అద్దె, నీటి ఖర్చు, స్థలం ఖర్చు దీనికి అదనం. తాగే నీటికి కూడా వెల కట్టిన ఆ ద్యూతశాలకూ, మద్యం ఉచితమని చెప్పుకునే నేటి కాసినోకూ పద్ధతి వేరైనా పద్దు ఒకటే. మొదటిది రాసి వసూలు చేస్తుంది, రెండవది రాయకుండా చేస్తుంది.

మనుస్మృతి జూదాన్ని రాజ్యంలో లేకుండా చేయమంటుంది. యాజ్ఞవల్క్య స్మృతి మాత్రం ఉన్నదాన్ని అదుపులో పెట్టే దారి పట్టింది. జూదశాల నడిపేవాణ్ణి సభికుడు అంటారు. నూరు, అంతకు మించి గెలిచినవాడి నుంచి సభికుడు నూటికి ఐదు, మిగిలినవారి నుంచి నూటికి పది తీసుకోవాలి. పెద్ద ఆటగాడికి సగం రేటు! ఇప్పటి కాసినోలు పెద్ద పందేలవారికి ఇచ్చే రాయితీకి ఇంత స్పష్టమైన పూర్వరూపం మరొకటి దొరకడం కష్టం. సభికుడు రాజుకు భాగం చెల్లించాలి, ఓడినవాడి దగ్గర రాబట్టి గెలిచినవాడికి ఇప్పించాలి, సత్యం పలకాలి, ఓర్పు కలిగి ఉండాలి. జూదశాల యజమానికి ఓర్పును విధిగా చెప్పిన స్మృతికారుడి లోకజ్ఞానం మెచ్చదగినది. శూద్రకుని మృచ్ఛకటికంలోని మాథురుడనే సభికుడిలో ఆ ఓర్పు మచ్చుకైనా కనబడదు. పది సువర్ణాలు బాకీపడి పారిపోయిన సంవాహకుణ్ణి వీధుల వెంట తరిమి పట్టుకుని కొడతాడు.

యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల రాజధానిలో, ఆరవ విక్రమాదిత్యుని కాలంలో ఉన్నవాడు. నేటి ఉత్తర తెలంగాణ అప్పుడు ఆ రాజ్యపు నీడలోదే. 13వ శతాబ్దంలో కేతన మితాక్షరను విజ్ఞానేశ్వరీయంగా తెనిగించాడు. ఓరుగల్లు వినోదాలను చెప్పే క్రీడాభిరామంలో కోళ్ళ పందేలు, పొట్టేళ్ళ పందేలు కనిపిస్తాయి. 16వ శతాబ్దంలో కందుకూరి రుద్రకవి నిరంకుశోపాఖ్యానం నాయకుడు శివుడితోనే పాచికలాడి, పందెంలో రంభను గెలుచుకుంటాడు.

నిజాం చట్టం నుంచి సుప్రీంకోర్టు దాకా

హైదరాబాదు సంస్థానంలో జూదాన్ని కట్టడి చేసినది 1305 ఫసలీలో, అంటే 1895-96 ప్రాంతంలో వచ్చిన హైదరాబాదు జూద చట్టం. ఆదిలాబాదు జిల్లాగా ఏర్పడినది 1905లో. జిల్లా కంటే దాని జూద చట్టం పదేళ్ళు పెద్దది. ఈ చట్టంలో గురి ఆటగాడి కంటే ఆడించేవాడి మీద ఎక్కువ. ఒక ఇల్లు 'సార్వజనిక జూదగృహం' అనిపించుకోవాలంటే దాని యజమాని ఆ ఆట వల్ల లాభం పొందుతుండాలి. ఇంటి వాడకానికో, పేక వాడకానికో పైసలు తీసుకోవడం ఆ లాభం కిందికి రావచ్చు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత కూడా తెలంగాణ జిల్లాల్లో ఈ చట్టమే నడిచింది.

1960ల తొలినాళ్ళలో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. కొందరు బల్ల చుట్టూ కూర్చుని డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. కేసు మెట్లెక్కి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ అనే పేరుతో సుప్రీంకోర్టుకు చేరింది. 1967 నవంబరు 22న జస్టిస్ హిదయతుల్లా తీర్పు ఇచ్చారు.

ఈ తీర్పును అందరూ ఒక్క సంగతికే గుర్తు పెట్టుకున్నారు: రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదు, పడిన ముక్కలను జ్ఞాపకం పెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అందులో ప్రధానమైనది నైపుణ్యమే. ఈ వ్యాసానికి కావలసినది రెండవ భాగం. క్లబ్బు ఆటకు ఇంతని తీసుకుంటున్నదని, పేకకు వేరుగా తీసుకుంటున్నదని, వేళ మించి ఆడితే ఆలస్య రుసుము వేస్తున్నదని, ఇదంతా లాభమేనని ప్రభుత్వం వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. అతి కాకుండా ఉన్నంతవరకు పేకకు వసూలు చేయడం క్లబ్బుల్లో మామూలే. ఆలస్య రుసుము ఎందుకంటే, వేళ దాటాక కనిపెట్టుకుని ఉండే నౌకర్లకు అదనపు జీతం ఇవ్వాలి, దీపాల ఖర్చు భరించాలి. అయితే ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీస్తున్నాడని రుజువైతే నేరం నేరమేనని కూడా కోర్టు చెప్పింది. మర్యాదకు, లాభానికి మధ్య గీత ఎక్కడో న్యాయస్థానం ఇంత ఓపికగా వెతికిన సందర్భాలు తక్కువ. అర్ధరాత్రి దాటాక చాయ్ అందించే కుర్రవాడి జీతం గురించి దేశపు అత్యున్నత న్యాయస్థానం ఆలోచించింది.

1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం రాష్ట్రమంతటికీ ఒకే నిబంధన తెచ్చింది. నైపుణ్యపు ఆటలకు మినహాయింపు ఇచ్చింది. హైదరాబాదు, విజయవాడ, కరీంనగర్ వంటి పట్టణాల క్లబ్బుల్లో పదమూడు ముక్కలాట గదులు ఆ మినహాయింపు నీడలో పెరిగాయి.

ఊళ్ళలో జరిగేది ఇంతకంటే సాదా వ్యవహారం. చెట్టు కిందో, చేను గట్టు మీదో పరచిన తువ్వాలు చుట్టూ ఆరుగురు. ప్రతి ఆటలో కుప్ప నుంచి కొంత పక్కకు తీస్తారు. కొత్త పేక కట్ట, చాయ్, బీడీలు అందులోనే. బాగా గెలిచినవాడు లేచేముందు చాయ్ తెచ్చినవాడి చేతిలో పదో ఇరవయ్యో పెట్టకపోతే మర్నాడు మాట పడతాడు. ఓడినవాణ్ణి ఎవరూ అడగరు. కోస్తా జిల్లాల కోళ్ళ బరిలోనూ ఇటువంటి కట్టుబాటే. ఓడిన పుంజు గెలిచినవాడిది, కత్తి కట్టినవాడికి వేరే ముట్టాలి.

మర్యాదలకు లెక్క కట్టిన అమెరికా

నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. 1941లో లాస్ వేగాస్‌లో తెరిచిన ఎల్ రాంచో వేగాస్ హోటలు, రాత్రి పొద్దుపోయాక కూడా ఆటగాళ్ళు లేచి పోకుండా చౌకగా బఫే భోజనం పెట్టడం మొదలుపెట్టింది. 1960లలో డ్యూన్స్ కాసినోకు న్యూయార్కు నుంచి జూలియస్ వైన్‌ట్రాబ్ విమానాల్లో ఆటగాళ్ళను తెచ్చేవాడు. ప్రయాణం, గది, భోజనం కాసినోవి, ఆడతానన్న మాట ఆటగాడిది. ఈ పద్ధతిని జంకెట్ అంటారు. 1990ల చివర హారాస్ సంస్థ ఆటగాళ్ళ కార్డుతో వారి ఆటను నమోదు చేసింది. పర్యవేక్షకుడి చూపుకు వదిలిన మర్యాద యంత్రపు లెక్కలోకి వెళ్ళసాగింది.

ఆ లెక్క తెలుసుకోదగినది. ఆటగాడు నిజంగా ఎంత పోగొట్టుకున్నాడని కాసినో చూడదు, సగటున ఎంత పోగొట్టుకోవాలో చూస్తుంది. ఒకే సున్న ఉన్న రూలెట్ చక్రంలో 37 గళ్ళు ఉంటాయి. ఒక్క అంకె మీద గెలిస్తే 35 రెట్లు ఇస్తారు. ప్రతి పందెంలో 37వ వంతు, అంటే 2.7 శాతం కాసినోది. రూ. 1,000 చొప్పున గంటకు 40 పందేలు, నాలుగు గంటలు ఆడినవాడు మొత్తం రూ. 1,60,000 పందెం కాసినట్లు. దానిలో కాసినో ఆశించే రాబడి సుమారు రూ. 4,300. ఇందులో నాలుగో వంతు తిరిగి మర్యాదగా ఇచ్చినా వెయ్యి రూపాయల పైన వస్తుంది. ఒక మంచి భోజనం, రెండు గ్లాసులు. గెలిచి లేచినవాడికీ అదే భోజనం వస్తుంది, ఓడినవాడికీ అదే.

గోవా

తెలుగువారికి కాసినో అంటే ముందు గోవా. గోవా ప్రజా జూద చట్టానికి 1992లో చేసిన సవరణ ఐదు నక్షత్రాల హోటళ్ళలో యంత్రాల ఆటకు, 1996 సవరణ నౌకల మీద బల్లల ఆటకు దారి తీశాయి. తొలి నౌక కారావెలా. పణజి దగ్గర మాండవి నదిలో నిలిచిన నౌకలకు ఒడ్డు నుంచి పడవలో తీసుకుపోతారు. 21 ఏళ్ళు నిండాలి. 2020 ఫిబ్రవరి నుంచి గోవా స్థానికులకు ప్రవేశం లేదు. నేపాల్‌లోనూ ఇదే నియమం, కాసినోలు విదేశీయులకే. ఇంటివాడి సొమ్ము ఇంట్లో ఉండాలన్న ఆలోచన రెండు చోట్లా స్పష్టం.

గోవాలో టికెట్‌లోనే భోజనం, మద్యం, కొన్ని ఆట బిళ్ళలు కలిసి వస్తాయి. ఈ బిళ్ళలను నగదుగా మార్చుకోవడానికి వీల్లేదు, ఒక్కసారి పందెం కాయడానికే. గెలిస్తే గెలుపు మొత్తం అసలు బిళ్ళల్లో ఇచ్చి ఈ బిళ్ళను వెనక్కి తీసుకుంటారు. రూ. 1,000 బిళ్ళను రూలెట్‌లో ఎరుపు మీద పెడితే 37లో 18 సార్లు మాత్రమే వెయ్యి వస్తుంది. అంటే వెయ్యి అని రాసి ఉన్న బిళ్ళ సగటు విలువ సుమారు రూ. 486. తొలిసారి వెళ్ళినవారు దీన్ని వెయ్యి రూపాయలుగానే లెక్కవేసుకుంటారు.

ఇనాం ఇచ్చే తీరు

ముక్కలు పంచేవారికి చేతిలో డబ్బు పెట్టడం కాసినోల్లో కుదరదు. వారి అరచేతులు ఎప్పుడూ పైన కెమెరాకు కనపడాలి. బల్ల విడిచి వెళ్ళేటప్పుడు రెండు చేతులూ తాటించి, తిప్పి చూపిస్తారు. ఇనాం ఇవ్వదలచినవారు బిళ్ళను ముందుకు జరిపి మీకేనని చెప్పాలి. లేకపోతే అది పందెమో ఇనామో తేలదు. వారు ఆ బిళ్ళతో బల్ల అంచు మీద టక్‌మని తట్టి, పర్యవేక్షకుడు విన్నాక పెట్టెలో వేస్తారు. ఆ పెట్టె చాలా చోట్ల అందరిదీ, లెక్కపెట్టి పంచుకుంటారు. అమెరికాలో పంచేవారి పేరు మీద చిన్న పందెం కాసే అలవాటు కూడా ఉంది. గెలిస్తే వారిది. ఉచితంగా తెచ్చిన గ్లాసుకు ఒకటో రెండో డాలర్లు పళ్ళెంలో పెట్టడం అక్కడి మర్యాద.

ఇది లోకమంతటా చెల్లదు. సింగపూరు, ఆస్ట్రేలియాల్లో ముక్కలు పంచేవారు ఇనాం తీసుకోకూడదు. బ్రిటన్‌లో 1968 నాటి చట్టం కింద నిషేధం ఉండేది, 2005 చట్టం అమలులోకి వచ్చాక 2007లో తొలగింది. పంచేవాడికీ ఆటగాడికీ మధ్య డబ్బు నడిస్తే ముక్కల మీద అనుమానం వస్తుందన్నది నిషేధానికి కారణం.

2014 తరువాత

తెలంగాణ ఏర్పడిన 2014లోనే హైదరాబాదు క్లబ్బుల్లో పేకాట గదులు మూతపడ్డాయి. 2017 జూన్, జూలై నెలల్లో వచ్చిన రెండు ఆర్డినెన్సులు, ఆ ఏడాదే చేసిన సవరణ చట్టం 1974 చట్టాన్ని మార్చాయి. డబ్బు పెట్టి ఆడితే రమ్మీకి నైపుణ్యం వాదన చెల్లదు, ఆన్‌లైన్ ఆట కూడా జూదమే. అర్ధ శతాబ్దం నిలిచిన సికింద్రాబాదు తీర్పు అండ తెలంగాణలో ఆ విధంగా పోయింది. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ ఆటలపై అదే దారిలో నడిచింది.

నిషేధంతో ఆట కొంత మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు జరిగింది. బోథ్ నియోజకవర్గానికి అవతల నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకా. ఫోన్‌లో రమ్మీ ఆడించిన సంస్థలు కొత్తగా చేరినవారికి ఇచ్చిన బోనసు కాసినో టికెట్‌లోని బిళ్ళ లాంటిదే. నేరుగా తీసుకోనిచ్చేవారు కాదు, ఆడిన కొద్దీ కొంచెం కొంచెంగా విడుదల చేసేవారు. ఫోన్ ఎక్కడుందో చూసుకుని ఆ యాప్‌లు తెరుచుకునేవి. తెలంగాణ వైపు మూసుకుపోయిన యాప్ మహారాష్ట్ర వైపు తెరుచుకునేది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో సంస్థలు డబ్బు ఆటలను ఆపేశాయి. సరిహద్దుకు రెండు వైపులా ఆ డబ్బు ఆట ఇప్పుడు తెరుచుకోదు.