తుపాకీ ఉంటే నడవొచ్చు

మాసచూసెట్స్ సముద్రతీరంలో ఒక పాత ఛలోక్తి ఉంది. ఒడ్డు వెంట నడవాలనుకుంటే చేతిలో గాలమైనా ఉండాలి, భుజాన తుపాకీ అయినా ఉండాలి. ఉత్త చేతులతో వెళితే పరాయివాడి స్థలంలో జొరబడినట్టే. నవ్వుకోడానికి చెప్పుకునే మాటే గానీ, ఇక్కడి చట్టం కూడా ఇంచుమించు అదే అంటుంది. కేప్ కాడ్‌లో "ప్రైవేట్ బీచ్" బోర్డు చూసి, ఇండియా నుంచి వచ్చిన మా చుట్టాలు "సముద్రానికి కూడా హద్దురాళ్ళేమిటే?" అని అడుగుతుంటారు. జవాబు చెప్పాలంటే 1641 దాకా వెళ్ళాలి.

ఆ ఏడు మాసచూసెట్స్ బే కాలనీ వాళ్ళు తమకంటూ ఒక హక్కుల పత్రం తయారుచేసుకున్నారు. రాసినాయన నథానియల్ వార్డ్ అనే ప్యూరిటన్ మతబోధకుడు. అంతకుముందు ఇంగ్లండులో న్యాయవాద వృత్తి చేసినవాడు. ఇల్లూవాకిలీ ఉన్న ప్రతి కాపురస్తుడూ పెద్ద చెరువుల్లో, ఆటుపోట్లు తగిలే చోట్లన్నిట్లో చేపలు పట్టుకోవచ్చు, పక్షుల్ని వేటాడుకోవచ్చు అని అందులో ఒక అంశం. ఇది ఎంత పెద్ద సంగతో వాళ్ళు వదిలొచ్చిన దేశం గురించి తెలిస్తే గానీ అర్థం కాదు. ఏడాదికి 40 షిల్లింగుల రాబడి ఇచ్చే భూమి లేనివాడు వేటకుక్కని పెంచకూడదని ఇంగ్లండులో 1390 ప్రాంతంలోనే శాసనం చేశారు. అక్కడ వేట దొరల వినోదం, పేదవాడు కుందేలుని పడితే నేరం. ఇక్కడ అదే వేట సామాన్యుడి వంటింటి సరుకైంది.

అయితే ఆ బురదనేలల్లో మాసచూసెట్, వాంపనోగ్ జాతుల వాళ్ళు తరతరాలుగా ఆల్చిప్పలు తవ్వుకుంటున్నారు. వాళ్ళనడిగి రాసిన పత్రం కాదిది. ఈ మాట చెప్పకుండా ముందుకు వెళ్ళడం నాకు ఇష్టం లేదు.

1647లో దీనికి ఒక సవరణ వచ్చింది. అసలు తిరకాసంతా అక్కడే ఉంది. ఓడలు ఆగడానికి రేవుకట్టలు కావాలి, కాలనీ ఖజానాలో డబ్బు లేదు. అందుకని ఒడ్డున భూమి ఉన్నవాడే సొంత ఖర్చుతో కట్టుకోవాలంటే వాడికేదో ఆశ చూపించాలి. అంతవరకూ పోటు వచ్చి ఆగే గీత దగ్గర ఉన్న హద్దుని ఆటు గీత దాకా, అంటే నీళ్ళు వెనక్కి తీసేచోటు దాకా, జరిపేశారు. ఎంత దూరమైనా కాదు, 100 రాడ్లకి మించకూడదు. ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు, కాబట్టి మొత్తం 1,650 అడుగులు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆస్తి పోటు గీత దగ్గరే ఆగిపోతుంది. అది దాటి కిందికి దిగేవి కొద్ది రాష్ట్రాలే, వాటిలో ఇదొకటి.

నేల ఇచ్చారు గానీ జనం హక్కులు మూడు అట్టేపెట్టారు: చేపలు, పక్షులు, పడవలు. పదెకరాలు దాటిన చెరువు దగ్గరికి ఇంకొకరి పొలం మీదుగా నడిచి వెళ్ళొచ్చని కూడా అన్నారు, పంటనీ గడ్డిబీడునీ తొక్కకుండా. పొలం గట్టు మీద నడిచి పెరిగిన మనకి ఈ షరతు ఎవరూ వివరించనక్కరలేదు.

కోర్టులు ఆ మూడు మాటల్ని పట్టుకుని దాదాపు నాలుగు వందల ఏళ్ళుగా లెక్కలు వేస్తూనే ఉన్నాయి. ఆల్చిప్పలు తవ్వడం చేపలు పట్టడం కిందికే వస్తుందని 1850ల్లో తేల్చారు. 1907లో స్నానాల సంగతి వచ్చింది. నీళ్ళ మీద ఈదొచ్చు, తేలొచ్చు గానీ, స్నానాలకోసం ఒడ్డుని వాడుకునే హక్కు జనానికి లేదన్నారు. 1974లో పగటిపూట ఒడ్డు వెంట నడిచే హక్కు ఇద్దామని శాసనసభ ఒక బిల్లు తలపెట్టి న్యాయమూర్తుల అభిప్రాయం అడిగింది. పరిహారం ఇవ్వకుండా అలా చేస్తే ప్రజల ఆస్తి లాక్కున్నట్టేనని జవాబొచ్చింది.

నా మటుకు నాకు ఇది అక్షరాన్ని పట్టుకుని మనిషిని వదిలేయడంగా కనిపిస్తుంది. ఆ కాలం వాళ్ళు తిండికి పనికొచ్చేవి రాసుకున్నారు. పిల్లల్ని వెంటబెట్టుకుని తీరాన నడవడానికి కూడా హక్కు రాసి పెట్టుకోవాలని 1647లో ఎవరికి తోస్తుంది? ఇళ్ళవాళ్ళు మాత్రం "మేం కొన్న పత్రంలో ఆటు గీత దాకా ఉంది, పన్ను కడుతున్నాం" అంటారు. అదీ అబద్ధం కాదు. మరో తమాషా ఏమిటంటే, జనం కాపురమున్న ఇంటికి 500 అడుగుల లోపు అనుమతి లేకుండా తుపాకీ పేల్చకూడదని రాష్ట్ర చట్టం. ఒడ్డు పొడుగునా ఇళ్ళు లేచాక పక్షుల వేట హక్కు చాలాచోట్ల కాగితం మీదే మిగిలింది.

మన తీరాన హద్దురాళ్ళు లేవు గానీ పేచీ లేకపోలేదు. రొయ్యల చెరువులు అడ్డమై సముద్రానికి దారి పోయిందన్న మత్స్యకారుల గోడు 1996లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు ఉన్న అలాంటి చెరువుల్ని తీసెయ్యమని కోర్టు ఆజ్ఞాపించింది. 2005లో పార్లమెంటు కొత్త చట్టం చేసి వాటికి మళ్ళీ దారి వేసింది.

1820 దాకా మాసచూసెట్స్‌లో భాగమైన మెయిన్ రాష్ట్రానికీ ఈ పాత శాసనమే సంక్రమించింది. అక్కడ ఒడ్డున విహారానికి హక్కిస్తూ 1986లో చేసిన చట్టాన్ని 1989లో మూడీ బీచ్ కేసులో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 4-3 తేడాతో కొట్టేసింది. 2011లో నీళ్ళడుగున ఈదే డైవర్లు సముద్రంలోకి దిగడానికి ఆ నేల దాటొచ్చని కాస్త సడలించింది. 2019లో రాళ్ళకి పట్టిన నాచు వంతు వచ్చింది. నాచు చేప కాదు, దాన్ని కొయ్యడం చేపలు పట్టడం కాదు, అది ఒడ్డు సొంతదారుడిదే అని తీర్పు. ఇప్పుడు అక్కడ నాచు కోసుకునేవాడు ఒక్కో ఇంటి తలుపూ తట్టి అడగాలి. పక్కనే ఆల్చిప్పలు తవ్వుకునేవాడు, లైసెన్సు ఉంటే చాలు, ఆ ఇంటివాళ్ళని ఎవర్నీ అడగక్కరలేదు.