డైలాగ్ ముందు, పెదవులు వెనక

2009 ప్రాంతంలో మాదాపూర్ హాస్టళ్లలో ఆదివారం భోజనాలయ్యాక ఒక తంతు తరచూ నడిచేది. పదంగుళాల నెట్‌బుక్ చుట్టూ నలుగురు చేరేవారు. పెన్‌డ్రైవ్‌లో 720పీ సినిమా. పేర్లు పడేదాకా అంతా సవ్యంగానే ఉండేది. ఫైట్ మొదలవగానే బొమ్మ బిగుసుకుపోయేది. డైలాగ్ వినిపించి వెళ్లిపోయాక హీరో తీరిగ్గా నోరు తెరిచేవాడు. అప్పుడు గదిలో కాస్త తెలిసినవాడు వీఎల్‌సీ సెట్టింగుల్లోకి దూరి, 'స్కిప్ లూప్ ఫిల్టర్' అన్నచోట 'ఆల్' అని పెట్టేవాడు. సినిమా కదిలేది. కాకపోతే హీరో చెంపల మీద సన్నటి గళ్లు తేలేవి.

ఆ గళ్లు ఎక్కడినుంచో వచ్చినవి కావు. వీడియో ఉన్నదే గళ్లుగా. వాటి అంచులు కనిపించకుండా నునుపు చేసే పనే లూప్ ఫిల్టర్‌ది. ఆ పని మానేస్తే ప్రాసెసర్‌కు ఊపిరి ఆడేది.

ఆ నెట్‌బుక్‌లలో ఎక్కువగా కనిపించిన ఇంటెల్ ఆటమ్ ఎన్270 వేగం 1.6 గిగాహెర్ట్జ్, వాడే కరెంటు రెండున్నర వాట్ల స్థాయి. మెయిల్‌కు, ఎక్సెల్‌కు చాలు. పక్కనుండే గ్రాఫిక్స్ భాగానికేమో 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతిలో కుదించిన వీడియోను విప్పడం రాదు. దాంతో భారమంతా ప్రాసెసర్ మీదే పడేది. ఫైట్‌లో బొమ్మ ఎంత మారితే విప్పాల్సింది అంత పెరుగుతుంది కాబట్టి, సరిగ్గా అక్కడే చతికిలపడేది.

భారమంటే ఎంత? ఫుల్ హెచ్‌డీ బొమ్మ ఒక్కదానిలో 20,73,600 చుక్కలు. సెకనుకు 24 బొమ్మలంటే దాదాపు 5 కోట్ల చుక్కలు. చుక్కకు మూడు బైట్ల చొప్పున, కుదించకుండా దాచితే రెండున్నర గంటల సినిమాకు 1,300 గిగాబైట్లు దాటుతుంది. రెండు పొరల బ్లూ-రే డిస్కులో పట్టేది 50. కాబట్టి కుదించక తప్పదు. చూసేటప్పుడు ఒక్కో బొమ్మను 41 మిల్లీసెకన్లలో విప్పకా తప్పదు. ఇంకో విడ్డూరం: నెట్‌బుక్ తెరలో ఉండేవి 1024×600 చుక్కలే. ఫుల్ హెచ్‌డీ ఫైల్ పెడితే చాకిరీ మొత్తం చేసి, మూడోవంతు కూడా చూపించేది కాదు.

ఈ కుదింపు వెనకున్న గణితంలో ఒక తెలుగు ఇంటిపేరు ఉంది. కామిశెట్టి రామమోహనరావు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లారు. 1966 నుంచి ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన నసీర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి.నటరాజన్‌తో కలిసి 1974 జనవరిలో రామమోహనరావు ప్రచురించిన పత్రం నాలుగే పేజీలు. పేరు 'డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్'. అంతకు రెండేళ్ల ముందు అహ్మద్ ఈ ఆలోచనతో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులడిగితే దక్కలేదు. పరిశీలించినవారిలో ఒకరికి అది మరీ సులువైన ఆలోచనగా అనిపించిందట!

పచ్చిపులుసు నోట్లో వేసుకున్నవాళ్లు ప్రతి చుక్కనూ వర్ణించరు. పులుపింత, ఉప్పింత, కారం ఇంత అంటారు. కొసైన్ లెక్క చేసేదీ అదే. గడిలోని 64 చుక్కల వెలుగును విడివిడిగా చెప్పకుండా, ఏ అల ఎంత పాళ్లలో కలిస్తే ఆ గడి అవుతుందో చెబుతుంది. సాధారణంగా నాలుగైదు పాళ్లలోనే సారమంతా వచ్చేస్తుంది. కంటికి ఆనని మిగతావాటిని వదిలేయొచ్చు. జేపెగ్ ఫొటో నుంచి ఎంపెగ్ వీడియో దాకా పునాది ఇదే. హెచ్.264 దీన్నే పూర్ణాంకాల్లోకి సవరించుకుంది.

లెక్క సులువే కావచ్చు, సెకనుకు లక్షలసార్లు చేయాలి. విరామంలేని, మార్పులేని చాకిరీ. దాన్ని అన్ని పనులూ చేసే ప్రాసెసర్‌కు అప్పగించడం కన్నా, ఆ ఒక్క పనికే చిప్‌లో ఓ మూల కేటాయించడం చవక. హైదరాబాద్ ఈ కథలోకి వచ్చేది ఆ మూల నుంచే.

1998 నవంబర్ 22న వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుంచి ఇక్కడ కొలువంటే జనం నోట 'సాఫ్ట్‌వేర్' ఒక్కటే. చిప్‌లు డిజైన్ చేసేవాళ్లు కూడా పెళ్లిచూపుల్లో అదే మాటతో సరిపెట్టుకుంటారు; వివరించబోతే కాఫీ చల్లారిపోతుంది. నిజానికి తొలితరం ఐపాడ్‌కు చిప్ ఇచ్చిన పోర్టల్‌ప్లేయర్‌కు హైదరాబాద్‌లో పెద్ద కేంద్రమే ఉండేది. ఇక్కడి సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్‌ను నడిపిన జె.ఎ.చౌదరి దానికి సారథి. 2007 జనవరికల్లా ఎన్విడియా ఆ సంస్థను 35.7 కోట్ల డాలర్లకు సొంతం చేసుకుంది. మరుసటి ఏడాది అరచేతిలో హెచ్‌డీ వీడియో ఆడించే టెగ్రా చిప్‌లు ప్రకటించింది. ఇటు గ్రాఫిక్స్ చిప్‌ల సంస్థ ఏటీఐ కూడా క్యూట్ సొల్యూషన్స్ అనే హైదరాబాద్ డిజైన్ సంస్థను కొన్నది; 2006లో ఏటీఐనే ఏఎండీ కొనేసింది. ఆ మరుసటి ఏడాది వచ్చిన రేడియాన్ హెచ్‌డీ 2400, 2600 కార్డుల్లో వీడియో విప్పడానికే ప్రత్యేకించిన భాగం, యూవీడీ, ఉంది.

చిన్న ల్యాప్‌టాప్‌కు ఆ వైభోగం అంత తేలిగ్గా దక్కలేదు. ఎన్విడియా తన గ్రాఫిక్స్ చిప్‌ను ఆటమ్‌కు జతచేసి 'అయాన్' అంది. 2009లో హెచ్‌పీ మినీ 311 దాంతోనే వచ్చింది. ఆఫీసుల కోసం చేసిన హెచ్‌పీ మినీ 5102లో, కావాలంటే డబ్బు కట్టి బ్రాడ్‌కామ్ వారి క్రిస్టల్ హెచ్‌డీ కార్డు వేయించుకునే వీలుండేది. అంటే వీడియో చూడటానికి ల్యాప్‌టాప్ లోపల ఇంకో బుల్లి అద్దెకాపు. 2011 మొదట్లో ఏఎండీ ఈ-350 వచ్చి ఆ అద్దె గొడవ తీర్చింది. ప్రాసెసర్, గ్రాఫిక్స్, యూవీడీ అన్నీ ఒకే చిప్‌లో, 18 వాట్లలో. దాన్ని పెట్టుకున్న లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్120ఈ 11.6 అంగుళాల ఆఫీసు ల్యాప్‌టాప్. ఫుల్ హెచ్‌డీ సినిమా దానిమీద గళ్లు లేకుండా నడిచింది.

అయితే కుదింపు పద్ధతి మారినప్పుడల్లా పాత తంతు మళ్లీ మొదలవుతుంది. 2018లో ఏవీ1 అనే కొత్త పద్ధతి వచ్చింది. దాన్ని విప్పే భాగం ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లలోకి 2020లో, పదకొండో తరంతో చేరింది. అంతకు ముందటి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఏవీ1 వీడియో పెడితే ఫ్యాన్ గుయ్యిమంటుంది. అనుమానమొస్తే విండోస్ టాస్క్ మేనేజర్‌లో జీపీయూ పేజీ తెరిచి 'వీడియో డీకోడ్' గీత చూడాలి. వీడియో ఆడుతున్నా గీత నేలను అంటిపెట్టుకుని, సీపీయూ గీత నిటారుగా లేచిందంటే ఆ ప్రత్యేక మూల ఖాళీగా కూర్చున్నట్టే. ముందు బ్రౌజర్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. ఉన్నా లాభం లేకపోతే 720పీకి దిగడమే. యూట్యూబ్ చేత ఏవీ1కు బదులు హెచ్.264 ఇప్పించే ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి గానీ, కంపెనీ ల్యాప్‌టాప్‌లో వాటిని ఐటీ విభాగం వేసుకోనివ్వడం అరుదు.

రామమోహనరావు చివరిదాకా ఈ కొత్త పద్ధతుల మీదే పుస్తకాలు రాస్తూ 2021 జనవరిలో కన్నుమూశారు. ఏవీ1 లోపల ఇంకా ఎన్నో రకాల లెక్కలు చేరాయి. వాటి మధ్య 1974 నాటి కొసైన్ కూడా ఉంది.