కంపెనీ వ్యర్థాలు, భూమి ధర: రైతులు ముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంత రైతు సోదరులారా! మన జిల్లాలోని ఓర్వకల్లు పారిశ్రామిక కేంద్రానికి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కంపెనీలొస్తే భూమి ధర పెరుగుతుందన్న మాట సగమే నిజం. రోడ్డు పక్క స్థలాలకు ధర రావచ్చు. వ్యర్థజలాలు పారే వాగు వెంట ఉన్న సేద్యపు భూమికి మాత్రం ధర పడిపోతుంది.

పటాన్‌చెరు అనుభవం

పటాన్‌చెరు కంపెనీల రసాయన వ్యర్థాలు నక్కవాగులో కలిసి బావులు, పంటలు, పశువులు దెబ్బతిన్నాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. ఎకరాకు మెట్టకు రూ.1,000, మాగాణికి రూ.1,700 లెక్కన పరిహారం నిర్ణయించారు. అది ఒక పంట పెట్టుబడికి కూడా చాలదు.

నష్టం వరుస

మొదట బోరు నీటిలో ఉప్పు పెరుగుతుంది. మొలక, దిగుబడి తగ్గుతాయి. గుత్తకు తీసుకునేవారు వెనక్కి తగ్గుతారు. ఆ తర్వాతే అమ్మకపు ధర పడుతుంది. కూలి పనులు, పాడి కూడా దెబ్బతింటాయి.

ఏం చేయాలి?

1. కంపెనీ రాకముందే పరీక్ష చేయించండి. పొలంలో 8–10 చోట్ల 15 సెం.మీ. లోతు మట్టి తీసి, కలిపి, అరకిలో ఇవ్వాలి. మోటారు 10 నిమిషాలు ఆడాక లీటరు నీరు పట్టాలి. నీటి లవణ సూచిక (ఇ.సి.) 0.75 లోపు మంచిది, 2.25 దాటితే ప్రమాదం. ఈ నివేదికే రేపటి సాక్ష్యం.

2. ఈ-పంట నమోదు, మార్కెట్ చీటీలు, పశువైద్య రసీదులు దాచుకోండి. కౌలు రైతులు సాగుదారు హక్కు పత్రం తీసుకోవాలి. కాగితం లేనివారికి పరిహారం రావడం కష్టం.

3. ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు ప్రకటన ఇస్తారు. తప్పక వెళ్లి, వ్యర్థజలాలు ఎక్కడికి పోతాయో అడిగి, మీ మాట రాయించండి.

4. నీటి రంగు, వాసన మారితే కాలుష్య నియంత్రణ మండలికి, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పరిహారం కోసం చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు ఐదేళ్లలోపు దరఖాస్తు చేయాలి.

5. అనుమానమున్న నీటిని పైరుకు, పశువులకు పెట్టకండి. జిప్సం చౌడును బాగుచేస్తుంది కానీ భారలోహాలను తీయలేదు.

6. భయపడి దళారికి తక్కువ ధరకు అమ్మకండి. ముందు పరీక్ష ఫలితం చూసి, ఊరంతా కలిసి నిర్ణయం తీసుకోండి.

మరిన్ని వివరాలకు మీ రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకుణ్ణి సంప్రదించండి.