మోటారు కారులో రేడియో పెట్టె

కారులోని రేడియో చెడిపోయినప్పుడు దానిని తీసివేసి, వేరొక సంస్థ చేసిన క్రొత్త యంత్రమును అమర్చుకొనుట నేడు సాధారణమైన విషయము. ఇటీవల నేనును ఆ పని చేసితిని. పాత పెట్టెను ముందుకు లాగి, క్రొత్తదానిని ఆ అరలోనికి నెట్టగా చక్కగా ఇమిడిపోయినది. కాని మరునాటి ఉదయము తాళము త్రిప్పి చూడగా, నేను కుదిర్చి పెట్టిన స్టేషన్లన్నిటిని అది మరచిపోయి యున్నది! కారణము చిన్నదే, తరువాత చెప్పెదను. అంతకంటె పెద్ద ప్రశ్న వేరొకటి యున్నది. ఒకరు చేసిన కారులో మరొకరు చేసిన యంత్రము కొలత పెట్టినట్లు ఇముడుట యెట్లు సాధ్యమైనది? సమాధానము కొరకు సుమారు నూరేండ్లు వెనుకకు పోవలెను.

మూడు చిక్కులు

1920 తరువాత అమెరికాలో రేడియో ప్రసారములు వ్యాపించినవి. ఉత్సాహవంతులు కొందరు ఇంటి రేడియోను కారులోనికి ఎక్కింప జూచిరి. వెంటనే మూడు చిక్కులు ఎదురైనవి.

మొదటిది విద్యుత్తు. ఆనాటి రేడియోలో పనిచేయునవి శూన్యనాళికలు, అనగా వాల్వులు. వాల్వులోని తీగను వేడిచేయుటకు కారు బ్యాటరీ ఇచ్చు 6 వోల్టులు చాలును. కాని ఆ తీగనుండి వెలువడు ఎలక్ట్రానులను ప్లేటువైపు ఆకర్షించుటకు నూరు వోల్టులకు పైగా కావలెను. అందువలన కారు అడుగున వేరుగా బ్యాటరీలు మోయవలసి వచ్చెడిది.

రెండవది రొద. 1887లో హెర్ట్‌జ్ రేడియో తరంగములను పుట్టించినది విద్యుత్ నిప్పురవ్వతోనే. పెట్రోలు ఇంజనులో ఇంధనమును మండించునదియు నిప్పురవ్వయే! అనగా ప్రతి కారును తెలియకుండ ఒక చిన్న ప్రసార కేంద్రమును మోయుచున్నది. నిప్పురవ్వ తీగలకు నిరోధకములను, డైనమోకు కండెన్సరును తగిలించి ఈ రొదను అణచిరి.

మూడవది కుదుపు. గతుకుల బాటలో సున్నితమైన వాల్వులు నిలువవలెను గదా!

చికాగోలో పాల్ గాల్విన్ అను వర్తకుని సంస్థ ఈ చిక్కులను చాలవరకు విడదీసి, 1930లో ఒక కారు రేడియోను చేసినది. ఆ సంవత్సరము జూన్‌లో అట్లాంటిక్ సిటీలో రేడియో ఉత్పత్తిదారుల సమావేశము జరుగగా, గాల్విన్ తన కారులోనే దానిని వినిపించి బేరములు సంపాదించెను. దానికి పెట్టిన పేరు మోటరోలా. వెల 110 నుండి 130 డాలర్లు. ఆనాటి ఫోర్డు కారు వెలలో ఇది సుమారు నాలుగవ వంతు ఉండెడిది. 1932లో జర్మనీలో బ్లాపుంక్ట్ సంస్థ ఐరోపాకు తొలి కారు రేడియోను అందించినది.

తరువాత వచ్చిన వైబ్రేటరు అదనపు బ్యాటరీలను తొలగించినది. విద్యుత్ గంటలోని నాలుకవలె ఇది బ్యాటరీ విద్యుత్తును క్షణక్షణము తెంచి కలుపుచుండును. ట్రాన్స్‌ఫార్మరు నిలుకడగా పారు విద్యుత్తు వోల్టేజిని పెంచజాలదు గాని, ఇట్లు తెగిపడు విద్యుత్తు వోల్టేజిని పెంచగలదు. ఆనాటి రేడియోలు మీటగానే జుమ్మని మ్రోగుటకు ఈ వైబ్రేటరే కారణము.

అర ఎవరిది?

ఇక్కడ ఒక విశేషము గమనింపదగినది. తొలి రోజులలో కారు రేడియో బయటివారు చేసి తగిలించిన వస్తువే. లాభము చూచిన తరువాతనే కారు కర్మాగారములు దానిని తమదిగా చేసికొన్నవి.

1947లో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. 1955లో క్రైస్లర్, ఫిల్కో సంస్థలు పూర్తిగా ట్రాన్సిస్టర్లతో నడుచు కారు రేడియోను ప్రకటించినవి. ట్రాన్సిస్టరుకు తీగను వేడిచేయ నక్కరలేదు. అధిక వోల్టేజియు అక్కరలేదు. కనుక వైబ్రేటరుకు పని పోయినది. పెట్టె చిన్నదై ముందు పలకలోనే ఒదిగినది.

అంతట తగవు మొదలైనది. పలక ఆకారమును కారు సంస్థ నిర్ణయించును. అందులో తన రేడియో మాత్రమే ఇమిడినచో బయటివాని గతి యేమి? ఆటోమేటిక్ రేడియో అను అమెరికా సంస్థ ఇదే ఫిర్యాదుతో ఫోర్డుపై కోర్టుకెక్కినది. తాత్కాలిక నిషేధపుటుత్తరువు ఇచ్చుటకు క్రింది కోర్టు నిరాకరించగా, 1968లో అప్పీలు కోర్టు ఆ నిర్ణయమునే స్థిరపరచినది.

కోర్టులో దొరకని పరిష్కారము కొలబద్దవలన దొరికినది. జర్మనీ దేశపు ప్రమాణముల సంస్థ రేడియో అరకు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు నిర్ణయించినది. 1984లో ఇది అంతర్జాతీయ ప్రమాణమైనది. దీనికి రెట్టింపు ఎత్తుగల అరయు పిమ్మట వాడుకలోనికి వచ్చినది. తీగలను కలుపు ప్లగ్గులకు సైతము ప్రమాణ మేర్పడినది. మార్కెట్టులో దొరకు సెట్లలో సాధారణముగా నల్లతీగ భూసంధానము. పసుపుతీగ ఎల్లప్పుడు విద్యుత్తు గలది. ఎర్రతీగ తాళము త్రిప్పినప్పుడే విద్యుత్తు పొందునది. సెట్టు జ్ఞాపకశక్తిని నిలుపునది పసుపుతీగ. కొన్ని కార్లలో ప్లగ్గునందలి ఈ రెండింటి స్థానములు తారుమారుగా నుండును. నా కారును అట్టిదే! రెండు తీగలను మార్చి కలుపగానే మతిమరుపు పోయినది.

నేటి స్థితి

1986లో బాష్ సంస్థ కాన్ అను తీగమార్గమును లోకమునకు చూపినది. కారులోని పరికరములు ఒకే జత తీగలపై పరస్పరము సందేశములు పంపుకొనుటకు ఇది వీలు కలిగించినది. నేటి అనేక వాహనములలో రేడియో స్థానమున పెద్ద తెర యున్నది. వెనుక కెమెరా దృశ్యము, చల్లదనపు సర్దుబాటు, హెచ్చరికలు అన్నియు అందులోనివే. దానిని తీసివేసినచో పోవునది పాట ఒక్కటే కాదు. ఆ సందేశముల భాషను తెలిసికొని అనువదించు మధ్యవర్తి పరికరము లేనిదే బయటి సెట్టు అక్కడ పనిచేయజాలదు.

పాట వినిపించు భాగము చెడినచో తెర అంతయు మార్చవలసి వచ్చుట, దాని వెల కారు సంస్థ చెప్పినంత యగుట యజమానికి చిన్న విషయము కాదు. ఒకనాడు అర కొలతలకు ఒప్పందము కుదిరినట్లు, నేడు సందేశముల భాషకును కుదురవలసి యున్నది. అట్లు జరుగువరకు, క్రొత్త కారు కొనువారు దాని రేడియోను ఎవరు బాగుచేయగలరో ముందుగానే అడిగి తెలిసికొనుట మంచిది.