నిట్రాడ మీద గాట్లు

దగ్గరకి రండర్రా. ఆ తాటిమట్ట మంటలోకి తొయ్యవే అమ్మడూ, ఆరిపోతోంది. ఏంటీ, రేపు బళ్లో వరదల పాఠం ఒప్పజెప్పాలా? మన పాఠం ఈ వంటపాక నిట్రాడ మీదే ఉంది, లేచి చూడు. ఆ పై గాటు 1964ది. మా నాన్న కత్తిపీటతో పెట్టాడు. నీ గుండెల దాకా వచ్చింది కదూ? అప్పటికి నాకు పదేళ్లు. మేకపిల్లని ఒళ్లో పెట్టుకుని తాటిదోనెలో కూర్చున్నా. మా అమ్మ పొయ్యి కూడా దోనెలోనే. ఆ వరదల తర్వాతే మురుగునీటి సంగతి తేల్చమని సర్కారు మిత్రా కమిటీని వేసింది.

1977లో దివిసీమ ఉప్పెనకి గాటు లేదు. నవంబరు 19. సముద్రం అక్కడ ఊళ్లకి ఊళ్లు ఊడ్చుకుపోయింది. మనకి గాలే తగిలింది. కోతకొచ్చిన సార్వా చేను చాపలా పడుకుంది. దాని గురించి ఇంకో రోజు చెప్తా, రాత్రిపూట వద్దు.

అసలు నీళ్లు మన మీదకే ఎందుకొస్తాయంటావా? చెంబుతో నీళ్లు పట్రా. ఇదిగో, ఈ బూడిద కుప్ప గోదావరి ఒండ్రు, అది కృష్ణ ఒండ్రు. మధ్యలో మిగిలిన గుంట మన కొల్లేరు. ఆరువేల ఏళ్ల కిందట సముద్రం ఈ దరిదాపుల్లోనే ఉండేదంటారు చదువుకున్నవాళ్లు. ఏర్లు మట్టి తెచ్చి పోసి దాన్ని వెనక్కి నెట్టాయి. ఇప్పుడు ఆ గుంటలో నీళ్లు పొయ్యి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, అన్నీ ఇందులోకే. మీ అత్త తాడేపల్లిగూడెంలో ఎర్రకాలువని తిట్టుకుంటుంది గానీ దాని దారి వేరు, మనలో కలవదు. పోయే దారి మాత్రం ఇదిగో, నా వేలంత. ఉప్పుటేరు. దీని వెంట సముద్రానికి సుమారు 60 కిలోమీటర్లు. దీన్ని తవ్వేటప్పుడు ఎవరో సేనాపతి కన్నకూతుర్నే బలిచ్చాడని పాత కథ. అందుకే పేరంటాళ్ల కనమ అన్నారు. నిజమో కాదో మన అమ్మవారు పెద్దింట్లమ్మకే తెలియాలి.

ఇప్పుడు ఆ వేలి కాలవలో చిటికెడు బూడిద వెయ్యి. చూశావా, ఎలా ఉబ్బిందో? పెదఎడ్లగాడి వంతెన కింద గుర్రపుడెక్క చేసే పని అదే. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడని ముంచి, ఆ నీళ్లు మన దాకా వచ్చాయా? కింద గాటు అదే. ఎత్తు తక్కువే, కానీ కదలదే! రోడ్డు మునిగి, పాలు ఏలూరు చేరక, మీ నాయనమ్మ రోజూ విరిగిన పాలతో కోవా కాచింది. మీకదొక్కటే గుర్తుంది, దొంగలు.

ఈ గుంటలో బూడిద గట్టు కూడా కడతావా? కట్టు, కట్టు. గట్టు లోపల నీ చేపలు, బయట పక్కవాడి ఇంట్లో నీళ్లు. నేనూ కట్టానర్రా. ఎకరన్నర చెరువు. వరి కన్నా చేప మిన్న అన్నారు, ఊరంతా కడుతోంది, నేనొక్కణ్ణే మానేస్తానా? 1999లో ఐదో కాంటూరు, అంటే ఆ ఎత్తు గీత దాకా పక్షులకి అభయారణ్యం అన్నారు. నా చెరువు ఆ గీత లోపలే. 2006లో యంత్రాలొచ్చి గట్టు కొట్టేశాయి. అప్పు మిగిలింది. నాలుగేళ్లు తీర్చాను. ఆ రోజు కోపంతో నిట్రాడ మీద పెట్టిన గాటే ఆ అడ్డంది, వరదది కాదు. మీ టీచరమ్మ అడిగితే అది కూడా చెప్పు.

చెంబులో నీళ్లు అయిపోయాయా? మంట మీద పొయ్యకండిరా!