శంషాబాద్‌లో విమానాలు ఆగిన రోజే మార్కెట్ లేచింది.. ఇన్వర్స్ ఫండ్లతో హెడ్జింగ్ ఎందుకంత కష్టం?

2020 మార్చి 25. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ బోసిపోయింది. అంతర్జాతీయ సర్వీసులు అప్పటికే ఆగాయి. ముందు రోజు అర్ధరాత్రి నుంచి దేశీయ సర్వీసులూ బంద్. సరిగ్గా అదే రోజు నిఫ్టీ 6.6 శాతం ఎగబాకి 8,317 దగ్గర ముగిసింది!

ఖాళీ టెర్మినల్ చూసి 'మార్కెట్ ఇంకా పడుతుంది' అని పందెం కాసిన వాళ్లకు మొదటి రోజే దెబ్బ. మే 25న దేశీయ విమానాలు మళ్లీ ఎగిరేసరికి నిఫ్టీ 9,000 దాటేసింది. అసలు పతనం అంతకుముందే అయిపోయింది. జనవరి 14న 12,362 దగ్గరున్న సూచీ మార్చి 23 నాటికి 7,610కి, అంటే 38 శాతం కిందికి వచ్చింది. కళ్లకు కనిపించే సిగ్నల్ వచ్చేసరికి మార్కెట్ తన పని తాను చేసేసుకుంది.

ఇన్వర్స్ ఫండ్ అంటే ఏంటి?

చేతిలో ఉన్న షేర్లు అమ్మకుండా, పడిపోతే వచ్చే నష్టాన్ని ఇంకోచోట లాభంతో పూడ్చుకోవడమే హెడ్జింగ్. సూచీ 1 శాతం పడితే ఇన్వర్స్ ఫండ్ 1 శాతం పెరుగుతుంది. లెవరేజ్ ఉంటే 2 శాతం, 3 శాతం. శంషాబాద్‌లో ఫ్లైటెక్కి అమెరికాలో స్థిరపడ్డ మన టెకీల్లో చాలామందికి ఎస్‌క్యూక్యూక్యూ పేరు తెలిసే ఉంటుంది. 2010లో ప్రోషేర్స్ సంస్థ తెచ్చిన ఈ ఫండ్, నాస్‌డాక్-100 సూచీకి రోజువారీగా మూడు రెట్లు రివర్స్‌లో కదులుతుంది.

కిటుకంతా 'రోజువారీ' అన్న మాటలోనే ఉంది. సూచీ 100 నుంచి 90కి పడి, మర్నాడు మళ్లీ 100కి వచ్చిందనుకుందాం. సూచీకి లాభమూ లేదు, నష్టమూ లేదు. కానీ మూడు రెట్ల ఇన్వర్స్ ఫండ్‌లో పెట్టిన 100 రూపాయలు మొదటి రోజు 130 అవుతాయి. రెండో రోజు సూచీ 11.1 శాతం పెరిగింది కాబట్టి ఫండ్ 33.3 శాతం పడి, మిగిలేది దాదాపు 87 రూపాయలే. మార్కెట్ ఎక్కడిదక్కడే ఉన్నా 13 రూపాయలు గల్లంతు. ఊగిసలాట ఎక్కువయ్యే కొద్దీ ఈ కోత పెరుగుతుంది. భయం ఉన్నప్పుడే కదా మార్కెట్ ఎక్కువ ఊగేది!

మరి సిగ్నల్స్ చూసి దిగితే?

ఎక్కువమంది నమ్మేది 200 రోజుల సగటు. సూచీ దాని కిందికి వస్తే హెడ్జ్ పెట్టు, పైకి వెళ్తే తీసేయ్. 2020 ఫిబ్రవరి చివర్లో నిఫ్టీ ఆ గీత కిందికి దిగింది. అంతవరకు బాగానే ఉంది. కానీ 'ఇక తీసేయ్' అనే సిగ్నల్ జులైలో, నిఫ్టీ 11,000 దగ్గరికి వచ్చాక గానీ రాలేదు. నడుమ అంత పెద్ద పతనం వచ్చినా, రూల్ తప్పకుండా పాటించిన వాళ్లకు దక్కింది అంతంతే. ఇండియా విక్స్ సంగతీ అంతే. అది 80 దాటింది మార్చి నాలుగో వారంలో, అంటే సరిగ్గా మార్కెట్ అడుగున ఉన్నప్పుడు.

మన దగ్గర ఏముంది?

నిఫ్టీకి ఇన్వర్స్ సూచీ ఉన్నా, మన దేశంలో సామాన్యులు కొనే లెవరేజ్డ్ ఇన్వర్స్ ఫండ్లు లేవు. దాంతో చాలామంది ఫ్యూచర్స్, ఆప్షన్స్ వైపు వెళ్తున్నారు. 2024 సెబీ అధ్యయనం ప్రకారం మూడేళ్లలో ఈ సెగ్మెంట్‌లో 93 శాతం వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లకు పైనే. ఇక సూచీ కాంట్రాక్ట్ కనీస విలువను సెబీ 15 లక్షలు చేసింది. 4 లక్షల షేర్లున్న వ్యక్తి ఒక్క ఫ్యూచర్ అమ్మినా అది హెడ్జింగ్ కాదు, మిగతా 11 లక్షలకు అచ్చంగా పందెమే. పుట్ ఆప్షన్ కొంటే నష్టం ప్రీమియం వరకే ఆగుతుంది గానీ, విక్స్ ఎగిసినప్పుడు ఆ ప్రీమియమే మండిపోతుంది. వాన మొదలయ్యాక గొడుగు కొన్నట్టు! 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన స్పెషలైజ్డ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్లు 25 శాతం వరకు షార్ట్ పొజిషన్ తీసుకోవచ్చు. కాకపోతే కనీస పెట్టుబడి 10 లక్షలు.

ఎయిర్‌పోర్ట్ చుట్టుపక్కల వాళ్లు ఇంకో విషయం గమనించాలి. రోజూ కళ్లముందు కనిపించే కంపెనీ అని జీఎంఆర్ ఎయిర్‌పోర్ట్స్ షేర్లే పట్టుకున్న వాళ్లకు నిఫ్టీ హెడ్జ్ సరిగ్గా అతకదు. శంషాబాద్ విమానాశ్రయంలో 74 శాతం వాటా ఉన్న ఆ కంపెనీ నిఫ్టీ 50లో లేదు. షేరు పడి, నిఫ్టీ పెరిగితే రెండు వైపులా నష్టమే. అలాంటప్పుడు కొన్ని షేర్లు అమ్మి డబ్బు పక్కన పెట్టుకోవడమే తక్కువ ఖర్చుతో అయ్యే హెడ్జ్.